ముద్దొచ్చే ముక్కు

వనస్పతిని డాల్డా అనడం, కాగితానికి నకలు తీయించుకోవడాన్ని జిరాక్సు అనడం మనవాళ్ళకి అలవాటే. వస్తువు ఏ కంపెనీదైనా సరే, మొదట ఇంట్లోకి వచ్చిన పేరే దానికి పేరు. ఆ వరసలో ఒక ప్రాణికి కూడా కంపెనీ పేరు పెట్టేశాం. ‘పగ్’ అనండి, ఉయ్యూరు సెంటర్లో సగంమంది ఏమిటన్నట్టు చూస్తారు. ‘హచ్ కుక్క’ అనండి, బడికెళ్ళే పిల్లాడు కూడా అది ఎవరింట్లో ఉందో చెయ్యి చాపి చూపిస్తాడు.

2003లో టీవీలో వచ్చిన ఆ ప్రకటన మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక చిన్న కుర్రాడు. వాడి వెనకాల చిట్టి చిట్టి అడుగులు వేసుకుంటూ ఒక కుక్క. వాడెక్కడికి వెడితే అదీ అక్కడికే. మాటల్లేవు, వెనకాల ఒక పాట, అంతే. సెల్‌ఫోన్ల కోసం తీసిన ఆ కాస్త బొమ్మ, ఫోన్ల సంగతెలా ఉన్నా, కుక్కల్ని మాత్రం బ్రహ్మాండంగా అమ్మిపెట్టింది. హచ్ అన్న పేరు 2007లో వోడాఫోన్‌గా మారింది. ఆ వోడాఫోన్ 2018లో ఐడియాతో కలిసింది. 2020లో ఆ రెండూ పోయి ‘వీ’ అన్న ఒక్క అక్షరం మిగిలింది. కుక్క పేరు మాత్రం చెక్కు చెదరలేదు.

అంతకు ముందంతా బొచ్చుకుక్కల రాజ్యం. ‘ప్రేమాలయం’ పేరుతో తెలుగులోకి వచ్చిన ఆ హిందీ సినిమాలో తెల్లటి బొచ్చుకుక్క పెళ్ళిపెద్దలా తిరిగాక, గేటు మీద ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ బోర్డు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఒక తెల్లకుక్క కనిపించేది. ఫ్యాషన్లు చీరలకీ, రవికలకీ మాత్రమే ఉంటాయని మగవాళ్ళు మనని వెక్కిరిస్తారు గానీ, ఏమాటకామాటే చెప్పుకోవాలి, కుక్కల్లో ఉన్నంత ఫ్యాషన్ చీరల్లో కూడా లేదు. చీర మోజు తీరితే బీరువాలో పడి ఉంటుంది. కుక్క అలా పడి ఉండదు, పాపం.

ఇంతకీ ఈ హచ్ కుక్క రూపం ఎలాంటిదంటే, ఎత్తు అడుగు మించదు. ఉండాల్సిన బరువు ఆరు నుంచి ఎనిమిది కిలోలు. మన ఇళ్ళల్లో పెరుగన్నం పుణ్యమా అని పదీ, పన్నెండూ కూడా ఉంటుంది. లేత గోధుమరంగు ఒళ్ళు. మొహం మాత్రం నలుపు, దిష్టి తగలకుండా ఎవరో కాటుక కాస్త ధారాళంగా పులిమినట్టు. నుదుటి మీద మడతకాజాలా మడతలు. ఆ మడతల్లో తమ లిపిలోని ‘రాజు’ అనే అక్షరం కనిపిస్తుందని చైనావాళ్ళు మురిసిపోయేవారట. నడుం మీదికి చుట్టుకున్న తోక అచ్చం చేగోడీ. కళ్ళు గుండ్రంగా, పెద్దగా, ఎప్పుడూ తడిగా, ‘నన్ను వదిలేసి బజారుకి వెళ్ళిపోతున్నావా’ అని అడుగుతున్నట్టుంటాయి. ఇక ముక్కూ మూతీ అంటారా, ఉన్నాయంటే ఉన్నాయి. అరచేత్తో లోపలికి నొక్కేసినట్టు రెండు కళ్ళ మధ్య ఒదిగిపోయి ఉంటాయి.

స్వభావం దగ్గరికి వస్తే, ఇంత మంచి జీవి ఇంకొకటి ఉండదు. ఊరికే మొరగదు. కరుద్దామన్నా మూతి లేదు. పిల్లలు చెవులు లాగినా, చంటివాడు వీపెక్కినా ఊరుకుంటుంది. మీరు వంటింట్లో ఉంటే వంటింటి గుమ్మం దగ్గర, పూజగదిలో ఉంటే ఆ గుమ్మం దగ్గర, మడిసి ఉన్న దుప్పటిలా పడి ఉంటుంది. తిండిపోతు. మొండి కూడానూ. అక్కర్లేదనుకున్న దారిలో ఒక్క అడుగు వెయ్యదు, ఎత్తుకోవాల్సిందే. ఎత్తుకుంటే పసిపిల్లలా భుజం మీద తల వాల్చేస్తుంది. అదే దాని గెలుపు.

ఈ గెలుపు నిన్నా మొన్నటిది కాదు. రెండువేల ఏళ్ళనాడే చైనా రాజభవనాల్లో ఈ పొట్టి మూతి కుక్కలు పట్టుపరుపుల మీద పెరిగాయి. పదహారో శతాబ్దంలో డచ్చి వర్తకుల ఓడల్లో యూరపు చేరాయి. డచ్చి నాయకుడు ఆరెంజ్ విలియమ్ గుడారం మీదికి 1572లో ఒక రాత్రి శత్రువులు వచ్చి పడబోతుంటే, పాంపే అనే పెంపుడు కుక్క మొరిగి లేపి ప్రాణం కాపాడిందని ఒక కథ. అది పగ్గేనని ఆ వంశంవాళ్ళు నమ్మి నెత్తిన పెట్టుకున్నారు. ఆ వంశంలోని మరో విలియమ్, భార్య మేరీతో కలిసి 1689లో ఇంగ్లండు సింహాసనం ఎక్కినప్పుడు కూడా ఈ కుక్కలు వెంట వెళ్ళాయి. నెపోలియన్ భార్య జోసెఫీన్ దగ్గర ఫార్చునే అని ఒక పగ్ ఉండేది. 1796లో పెళ్ళయిన రాత్రి పడకమీంచి దాన్ని దింపమన్నందుకు అది నెపోలియన్ కాలు పట్టుకుందని చెప్పుకుంటారు. యూరపునంతా గడగడలాడించినవాడు ఆ ఒక్క చోట సర్దుకుపోక తప్పలేదు. నిజమో కాదో గానీ, నిజమైతే బాగుండునని ప్రతి ఇల్లాలికీ అనిపించే కథ.

దాన్ని చూడగానే మన మనసు ఎందుకలా వెన్నలా కరుగుతుంది? దీనికి ఆస్ట్రియా దేశపు శాస్త్రజ్ఞుడు కోన్రాడ్ లోరెంజ్ 1943లోనే సమాధానం చెప్పాడు. ఒంటికి మించిన తల, ఎత్తయిన నుదురు, పెద్ద కళ్ళు, బూరెబుగ్గలు, చిన్నముక్కు. పసిపిల్లల మొహంలో ఉండే ఈ గుర్తులు ఎక్కడ కనబడినా, బొమ్మలో గానీ పిల్లిపిల్లలో గానీ, పెద్దవాళ్ళ చేతులు వాటంతటవే చాచుకుంటాయన్నాడు. మన తప్పేం లేదు. పిల్లల్ని పెంచడానికి ప్రకృతి మనలో పెట్టిన తాళంచెవి అది. ఆ చెవి సరిగ్గా పట్టేలా ఒక కుక్క మొహాన్ని తరతరాలుగా చెక్కుకుంటూ వచ్చాం, అంతే.

ఇక్కడిదాకా ముద్దుగానే ఉంది. ఇక మా వదిన కుక్క సంగతి చెప్తాను.

ఉయ్యూరులో మా అన్నయ్యా వదినలకి ఒక్కడే కొడుకు. రెండేళ్ళ క్రితం పై చదువుకని అమెరికా వెళ్ళిపోతూ, అమ్మ ఒంటరిదైపోతుందని బెజవాడలో ఒక హచ్ కుక్కపిల్లని కొనిచ్చి మరీ వెళ్ళాడు. వదిన దానికి చిన్ని అని పేరు పెట్టింది. ‘‘వాడు నా కొంగు పట్టుకుని తిరిగింది నాలుగేళ్ళు వచ్చేదాకానే. ఇది రోజూ తిరుగుతుంది’’ అంటుంది. ఆ మాటలో ఎంత సంతోషం ఉందో అంత దెప్పూ ఉంది. చిన్నికి మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం మేరీ బిస్కెట్లు. అది నిద్రపోతూ గుర్రుపెడితే మా అన్నయ్య గుర్రుతో పోటీ పెట్టి ఫోన్లో రికార్డు చేసి కొడుక్కి పంపుతుంది. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపించే ముచ్చట ఇంకొకటుంది. చిన్ని ఒక చిన్న రబ్బరు బంతి నోట్లో పెట్టుకుని నిద్రపోతుంది. కూర్చునే, గడపమీద గడ్డం ఆనించి, నోట్లో బంతితో. ‘‘పాలపీక నోట్లో పెట్టుకున్న పసిపిల్లలా లేదూ?’’ అంటుంది వదిన. ఉంటుంది మరి. నేనూ చూసి మురిసినదాన్నే.

పోయిన వేసవిలో, రోహిణికార్తెలో, నేను అక్కడున్నప్పుడే ఒకనాడు మధ్యాహ్నం కరెంటు పోయింది. కృష్ణా డెల్టా ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎండ ఒక్కటే అయితే రాయలసీమవాళ్ళు మనల్ని చూసి నవ్వుతారు. ఇక్కడ ఎండకి తోడు ఉక్క. ఒకపక్క పుల్లేరు కాలువ, చుట్టూ చెరుకు తోటలు, వరిచేలు, అటు బందరు వైపు నుంచి సముద్రపు తేమ. చెమట పడుతుంది గానీ ఆరదు. అరగంట గడిచేసరికి చిన్ని ఊపిరి రంపం కోసినట్టు మారింది. నాలుక బయటికి వేలాడి, ఎర్రగా ఉండాల్సింది నీలంగా తిరిగింది. కాళ్ళు తడబడి నేలమీద పడిపోయింది. వదిన బిందెడు నీళ్ళు దానిమీద పోసింది. నేను విసనకర్ర తీసుకుని విసిరాను. తడిగుడ్డ మీద పడుకోబెట్టి ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. బతికింది.

డాక్టరుగారు ఓపిగ్గా అన్నీ అడిగారు. వదిన గుర్రు సంగతి నవ్వుతూ చెప్పింది. బంతి సంగతీ చెప్పింది. ఆయన నవ్వలేదు. ‘‘అది ఆట కాదమ్మా. నోరు మూసుకుంటే దానికి ఊపిరి ఆడదు. బంతి అడ్డం ఉంటే నోరు తెరుచుకుని ఉంటుంది, అందుకని పెట్టుకుంటోంది’’ అన్నారు.

ఆయన చెప్పిందీ, తరవాత నేను చదువుకున్నదీ కలిపి చెప్తాను. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమటపట్టదు. పాదాల దగ్గర ఏదో కాస్త, అంతే. ఒంట్లో వేడి పోవాలంటే నోరు తెరిచి వగర్చాలి. ముక్కులోపలి తడి గోడల మీంచీ, నాలుక మీంచీ గాలి ఆడితే ఆ తడి ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. మన కుండలో నీళ్ళు చల్లబడే సూత్రమే. అందుకే కుక్కకి దేవుడు అంత పొడుగు మూతి ఇచ్చాడు. పగ్గుకి మనం ఎముకని కురచ చేశాం. లోపలి మెత్తటి కండ మాత్రం కురచ కాలేదు. పెద్ద పరుపుని చిన్న పెట్టెలో కుక్కినట్టు, అంగిలి వెనకభాగం గొంతులోకి జారి గాలికి అడ్డం పడుతుంది. నాలుకకి చోటు చాలదు. ముక్కు రంధ్రాలు సన్నటి చీలికలు. కళ్ళగుంతలు లోతు లేక కళ్ళు పైకి పొంగుకొస్తాయి, చిన్న గీతకే పుండవుతాయి. మొహం మీద మడతల్లో తడి చేరి చీము పడుతుంది. మనకి ముద్దొచ్చిన చేగోడీ తోక కూడా ఊరికే రాలేదట. ఆ మెలితో పాటు వెన్నుపూసలు వంకరగా పుట్టడం ఈ జాతిలో మామూలేనట. మనం మెచ్చుకున్న ఒక్కొక్క అందానికీ అది ఒక్కొక్క బాకీ తీరుస్తోంది.

చైనా రాజుల కాలంనుంచీ ఇలాగే ఉంది కదా అనుకోకండి. ఇంగ్లీషు చిత్రకారుడు విలియమ్ హోగార్త్ 1745లో తన బొమ్మ తనే వేసుకుంటూ పక్కన తన పగ్గునీ వేశాడు. దాని పేరు ట్రంప్. ఆ పటం లండన్‌లోని టేట్ మ్యూజియంలో ఉంది. అందులో కుక్కకి కాళ్ళు పొడుగు, మొహంలోంచి ముందుకొచ్చిన మూతి ఉంది. నల్లమొహం చూసి పోల్చుకోవాలే తప్ప, మా వదినకి చూపిస్తే ఇది హచ్ కుక్క కాదు పొమ్మంటుంది. ఇంగ్లండులో 1873లో కెన్నెల్ క్లబ్ వెలిసి, కుక్కల అందాలపోటీలు జోరందుకున్నాక, మొహం ఎంత చదునైతే అంత బహుమతి అన్నట్టు తయారైంది. ఆ మూతి లోపలికి పోవడానికి పట్టింది నూటయాభై ఏళ్ళే. అంటే తిరిగి బయటికి రావడానికి కూడా యుగాలు పట్టక్కర్లేదన్నమాట.

లండన్ రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్ళు 2022లో ప్రకటించిన పరిశోధనలో, ఊపిరాడని ఈ జబ్బు మిగతా కుక్కల కన్నా పగ్గులకి దాదాపు యాభైనాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆరోగ్యం లెక్కన చూస్తే దీన్నిక మామూలు కుక్కగా అనుకోవడానికి వీల్లేదని తేల్చారు. అది చదివితే బాధ కలిగింది గానీ ఆశ్చర్యం కలగలేదు. నన్ను నిలబెట్టేసింది, అదే కాలేజీవాళ్ళు 2012లో ప్రకటించిన ఇంకొక లెక్క. ఊపిరి కోసం అవస్థపడుతున్న కుక్కల యజమానుల్ని ‘మీ కుక్కకి ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది ఉందా’ అని అడిగారు. నూటికి యాభై ఎనిమిదిమంది లేదన్నారు. గుర్రు పెడుతుందా అంటే పెడుతుంది, ఆయాసపడుతుందా అంటే పడుతుంది, కానీ ఇబ్బంది లేదు. ‘ఆ జాతి అంతేనండీ’ అన్నమాట.

వాళ్ళు అబద్ధం ఆడలేదు. చెడ్డవాళ్ళూ కారు, కుక్కల్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళే. రోజూ చూస్తూ ఉన్నదాన్ని బాధ అని పోల్చుకోలేకపోయారు. ఇది కుక్కల సంగతే అయితే నేనింత రాయను. మన ఇళ్ళల్లో ఎంతమంది గురించి ఈ మాట అనలేదు? ‘నోట్లో నాలుక లేని మనిషి’ అని ఒకప్పుడు కోడలికి ఇచ్చిన గొప్ప కితాబు. ఆవిడకి ఏ కష్టమూ లేదు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది, అనేవారు. మా తాతమ్మల కాలంలో వంటింటి పొగలో ముప్ఫై, నలభై ఏళ్ళు దగ్గిన వాళ్ళ దగ్గుని ఇంట్లో ఎవరూ జబ్బు అనుకోలేదు. అది ఆవిడ అలవాటు అనుకున్నారు. పొద్దున్నే కాఫీ గిన్నె చప్పుడు, ఆ వెనకే ఆవిడ దగ్గు. అది వినబడితే తెల్లారిందని గుర్తు. పగ్గు నోరు తెరిచి నాలుక వేలాడేస్తే అది నవ్వుతోందని ఫోటో తీస్తాం. నోట్లో నాలుక పట్టక అవస్థపడుతున్న ప్రాణిని చూసి నవ్వు అనుకోవడం, ఆ కితాబుకి చుట్టమే.

దాని మంచి స్వభావం కూడా ఇందులో చేరిన చిక్కే. చిడచిడలాడే కుక్క అయితే నొప్పి వచ్చినప్పుడు కరుస్తుంది, మూల చేరుతుంది, అన్నం మానేస్తుంది, ఏదో తేడా ఉందని ఇంట్లోవాళ్ళు గమనిస్తారు. ఇది ఊపిరాడకపోయినా తోక ఆడిస్తుంది. ఆయాసపడుతూనే మీ వెనకాల మేడమెట్లెక్కుతుంది. బిస్కెట్టు చూపిస్తే అన్నీ మరిచిపోతుంది. మనం కోరుకున్న గుణమే అది. మన వెంట తిరగాలి, విసుక్కోకూడదు, ఫిర్యాదు చెయ్యకూడదు. ఆ గుణాన్ని కోరి కోరి ఏరుకుని, అది ఫిర్యాదు చెయ్యలేదు కాబట్టి సుఖంగానే ఉందనుకుంటే ఎలా?

కుక్కా ధర్మమూ అనగానే మనవాళ్ళు ధర్మరాజు కథ ఎత్తుకుంటారు. తన వెంట నడిచివచ్చిన కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడు, గొప్పవాడే. అన్నట్టు ఆ కుక్క ఏ జాతిదో, మొహం ఎలా ఉంటుందో వ్యాసుడు చెప్పలేదు. కుక్క అన్నాడు, అంతే. కానీ మన నన్నయగారి భారతంలో కథ మొదలయ్యేదే వేరొక కుక్కతో. జనమేజయుడు యాగం చేస్తుంటే సారమేయుడనే కుక్కపిల్ల ఆడుకుంటూ అటు వచ్చింది. హవిస్సు ముట్టుకోలేదు, దేనికీ అడ్డం రాలేదు. జనమేజయుడి తమ్ముళ్ళు ఊరికే దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ వెళ్ళి తల్లి సరమతో చెప్పుకుంది. సరమ, దేవతల కుక్క, తిన్నగా రాజు ముందుకొచ్చి నిలబడింది. ఏ పాపం తెలియని నా బిడ్డని దయ లేకుండా కొట్టారు, ఇది తగునో తగదో అని ఆలోచించకుండా దుర్బలులకి అపకారం చేసేవాళ్ళకి అనుకోని భయాలు వస్తాయి అని చెప్పి మాయమైపోయింది. అంత పెద్ద భారతానికి గుమ్మంలో నిలబడ్డది ఒక కుక్కతల్లి. వయసొచ్చాక చదువుకుంటే ఆవిడ నాకు ధర్మరాజు కన్నా పెద్దగా కనిపిస్తోంది.

సారమేయుడికి నయం, దెబ్బ ఎవరు కొట్టారో తెలుసు, చెప్పుకోవడానికి తల్లి ఉంది. చిన్నిని ఎవరు కొట్టారు? ఎవరూ కొట్టలేదు. ముద్దుపెట్టుకున్నారు. ఇది వెళ్ళి ఎవరితో చెప్పుకుంటుంది? దీని తల్లికీ ఇదే ముక్కు.

మనకి చట్టం లేకపోలేదు. కళాక్షేత్రం రుక్మిణీదేవి అరండేల్ 1952లో రాజ్యసభకి వెళ్ళాక పట్టుబట్టి జంతుహింస మీద బిల్లు తెచ్చారు. ప్రభుత్వమే చట్టం చేస్తుందని నెహ్రూగారు మాటిస్తే వెనక్కి తీసుకున్నారు. ఆ చట్టం 1960లో వచ్చింది. నాట్యం చేసే ఆవిడకి ఎడ్ల గొడవా, కోతుల గొడవా ఎందుకని అప్పుడే కాదు, ఇప్పుడైనా అనేవాళ్ళుంటారు. ఆవిడ పుణ్యమా అని జట్కాగుర్రాన్ని గాయం మీద కొట్టేవాడిని పోలీసు ఆపగలడు. కొట్టే చేతిని చట్టం పట్టుకోగలదు, నిమిరే చేతిని ఎలా పట్టుకుంటుంది? డచ్చివాళ్ళు ఆ ప్రయత్నమూ చేశారు. 2019 నుంచి నెదర్లాండ్స్‌లో, మూతి పొడవు కపాలం పొడవులో కనీసం మూడోవంతైనా లేని కుక్కలకి పిల్లల్ని పుట్టించకూడదు. ఓడల్లో తెచ్చి నెత్తిన పెట్టుకున్న దేశమే స్కేలు పట్టుకుని మూతి కొలుస్తోంది.

ఈ మాట మా అన్నయ్యతో అంటే ఆయన వకీలులా ఎదురుప్రశ్నలు వేశాడు. ‘‘అయితే పుట్టినదాన్ని ఏం చెయ్యమంటావు? వీధిలో వదిలెయ్యనా?’’ అన్నాడు. అదెవరన్నారు? పుట్టినదాన్ని పువ్వుల్లో పెట్టి చూసుకోవాల్సిందే, ఇంకాస్త ఎక్కువ చూసుకోవాలి. ‘‘మనుషుల్లో మాత్రం పుట్టు జబ్బులు లేవా? వాళ్ళు పిల్లల్ని కనడం లేదా?’’ అన్నాడు. ఈ ప్రశ్న బరువైనదే, నేను కొంచెంసేపు ఆగాను. జబ్బుతో పుట్టిన బిడ్డని ఏ తల్లీ ఆ జబ్బు కోసం కోరుకోదు. ఉన్నా ప్రేమిస్తుంది, పోతే దేవుడికి దణ్ణం పెడుతుంది. ఇక్కడ అలా కాదు. ఆ వైకల్యాన్నే చూసి, అది ఎంత ఎక్కువుంటే అంత డబ్బు ఎక్కువిచ్చి కొంటున్నాం. ముక్కు కాస్త ముందుకొస్తే అసలుది కాదని బేరం తగ్గిస్తాం. ఆ తేడా చిన్నదేం కాదనుకుంటాను. ‘‘అసలది పుట్టకపోతే ఈ సుఖం కూడా దానికి ఉండేది కాదు కదా’’ అని ఆఖరి అస్త్రం వేశాడు. పుట్టని కుక్కకి సుఖం పోయిందని ఏడ్చేవాళ్ళెవరూ నాకు కనబడలేదు. ఆ మాట అంటే కాఫీ తాగి లేచిపోయాడు.

వదిన మాత్రం వాదించలేదు. మర్నాటి నుంచి చేసే పనులు మార్చుకుంది. పెరుగన్నం సగానికి తగ్గింది. మెడకి బిగిసే పట్టెడ తీసేసి, ఛాతీకి చుట్టి కట్టే పటకా తెప్పించింది. పొద్దు పొడవకముందే చిన్నిని కాలువగట్టు మీదికి తీసుకెళ్ళి, ఎండ వచ్చేసరికి ఇంట్లో పడేస్తోంది. వీరమ్మతల్లి తిరునాళ్ళకి దాన్ని చంకనేసుకుని వెళ్ళే సరదా మానేసింది. ముక్కు రంధ్రాలు వెడల్పు చేసి, అంగిలి కత్తిరించే ఆపరేషన్ ఉందని డాక్టరుగారు చెప్తే, దాని వివరాలు కనుక్కుంటోంది. రికార్డు చేసిన గుర్రులు ఫోన్లోంచి తీసేసిందో లేదో నేనడగలేదు. ఎవరికీ వినిపించడం మాత్రం లేదు.

అసలు తీర్పు చెప్పాల్సి వచ్చింది మొన్న సంక్రాంతికి. పక్కవీధిలో ఒకాయనకి మగ హచ్ కుక్క ఉంది. ‘‘క్రాసింగుకి పంపండమ్మా. నాలుగైదు పిల్లలు పుడతాయి, చెరిసగం పంచుకుందాం. మనవాళ్ళే ఎంతమంది అడుగుతున్నారో’’ అని వచ్చి కూర్చున్నాడు. వదినకి డబ్బు ఆశ లేదు గానీ, ఆశ ఇంకొకటుంది. ఇంట్లో నాలుగు పసికూనలు తిరుగుతాయి. ఏ ఇల్లాలికి మాత్రం ఉండదు? ‘‘దానికీ ఒక ముద్దూ ముచ్చటా ఉండొద్దూ? తల్లి కాకుండా గొడ్డులా ఉంచెయ్యనా?’’ అని నన్నడిగింది.

నేను తెలిసింది చెప్పాను. ఈ జాతి పిల్లలకి తలలు పెద్దవి, తల్లికి కటి ఇరుకు. తరచు కోసి తియ్యాల్సి వస్తుంది. మామూలు కుక్క అయితే పిల్ల పడగానే మాయ చీల్చి, బొడ్డు కొరికి, నాకి నాకి ఊపిరి తెప్పిస్తుంది. చదును మూతి తల్లికి ఆ కొరకడం సరిగ్గా చేతకాదు, పక్కన మనిషి ఉండి చెయ్యాలి. పుట్టిన నాలుగింటికీ ఇదే మొహం, ఇదే రోహిణికార్తె.

వదిన చాలాసేపు మాట్లాడలేదు. మా మేనల్లుడు పుట్టినప్పుడు తనకీ ఆపరేషనే.

‘‘మనకంటే చెప్పి కోశారు. దానికేం చెప్పి కోస్తారు?’’ అంది.

ఆ పెద్దమనిషికి ఏం చెప్పి పంపిందో నేను వినలేదు. ఆదివారం కొడుకు వీడియోలో కనిపించినప్పుడు మాత్రం అక్కడే ఉన్నాను. వాడికి తండ్రి ద్వారా సంగతి తెలిసినట్టుంది. ‘‘పిల్లలు వద్దనుకుంటే పోనీలేమ్మా, ఈసారి వచ్చినప్పుడు చిన్నికి తోడు ఇంకోటి కొనిస్తాను’’ అన్నాడు.

‘‘కొనొద్దు. మన ఫ్యాక్టరీ రోడ్డులో ఈనిన కుక్క ఉంది. దాని పిల్లల్లో ఒకదాన్ని తెచ్చుకుంటాను, దాని మూతి జానెడుంది’’ అంది వదిన.